బీరువాలో అంకె

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. హెడ్మాస్టరు మొహమూ అలాగే ఉంది. మధ్యాహ్నానికి తనిఖీ అధికారి వస్తున్నాడు మరి.

బీరువా తెరిచి ఎలక్ట్రానిక్స్ కిట్ల పెట్టె ఒకటి ఎత్తాడు. దూదిలా లేచింది. పన్నెండూ అంతే. ఖాళీ!

పిల్లల చేతులు తగిలితే పాడైపోతాయని రెండేళ్లుగా ఆ బీరువా జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. వాటితో వారం వారం పాఠాలు చెబుతున్నట్టు, ఇప్పటికి ఎనభై అయినట్టు పైఆఫీసుకు మాత్రం రాసి పంపాడు.

"తాళం నీ దగ్గరేగా ఉండేది! పోలీసుల్ని పిలవనా?" అటెండరు మీద విరుచుకుపడ్డాడు.

అటెండరు పక్కనే ఉన్న కంప్యూటరు టీచరమ్మ వైపు చూశాడు.

"ఆగండి సార్," అంటూ ఆమె బీరువా మూలనుంచి అగ్గిపెట్టెంత యంత్రం తీసింది. "మా పిల్లలు చేసింది. తలుపు తీసి వెలుతురు పడ్డప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది."

దానిమీద 2 అని ఎర్రగా వెలుగుతోంది.

"పెట్టెలు సర్దిన రోజే ఇందులో పెట్టాం, అది ఒకటి. ఇప్పుడు మీరు తీసింది రెండు. మధ్యలో ఎవరూ తియ్యలేదు. ఖాళీవే వచ్చాయేమో! అన్నీ సరిచూసి సంతకం పెట్టింది మీరే కదా సార్?"

హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి. తలుపే తియ్యకపోతే ఎనభై పాఠాలు ఎక్కడ జరిగినట్టు?

"ఆ అంకె... ఎనభై చెయ్యడం కుదురుతుందా అమ్మా?"

"రెండు నిమిషాల పని సార్."

"మరి పోలీసులండీ?" అన్నాడు అటెండరు.

"నీకు వేళాకోళం ఎక్కువైందయ్యా. పోయి కుర్చీలు తుడువు!"

అధికారి వచ్చాడు. ఖాళీ పెట్టెల్నీ, 80 అంకెనీ చూసి మురిసిపోయాడు.

"ఏ బడికెళ్లినా కిట్లు కొత్తగా మెరుస్తుంటాయండీ. అరగదీసి వాడింది మీరొక్కరే!"

హెడ్మాస్టరు వినయంగా మెలికలు తిరిగాడు.

భోజనాలకు అటెండరుతో సహా నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అధికారి మంచినీళ్ల కోసం లేచినప్పుడు, హెడ్మాస్టరు ముచ్చటపడి బల్లమీదున్న యంత్రాన్ని తిరగేశాడు. అడుగున చిన్న చీటీ. 'పెట్టె 3' అని తన దస్తూరీయే! బీరువా తెరవకుండా ఈ కిట్టు ముక్క బయటికెలా వచ్చింది?

టీచరమ్మ వైపు చూశాడు.

"కిట్లన్నీ పిల్లల దగ్గరే ఉన్నాయి సార్," అందామె మెల్లగా. "పాఠానికోసారి అటెండరే తలుపు తీసేవాడు. అసలు అంకె ఎనభై మూడు. నిన్ననే దాన్ని ఒకటికి దించాం. మీ కాగితంతో కుదరాలని ఇవాళ మూడు పాఠాలు పోగొట్టుకున్నాం."

అధికారి వచ్చి కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ తలలెత్తకుండా తిన్నారు.