నీలి వేలు

"నిన్న మన సందులో ఎవరో ఓటేశారు!"

సోమవారం పొద్దున్నే నజీహా గొంతు ట్యునీషియాలోని ఆ మహ్దియా ఊరి రేవు దాకా వినిపించింది. ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది.

"అంత మాట ఎవరన్నారక్కా?" పై అంతస్తు నుంచి తొంగిచూసింది జన్నెత్.

"బళ్లో ఓట్ల పెట్టె దగ్గర కూర్చున్న లసాద్ పంతులే. దేశమంతా పెట్టెలు బోసిపోతే, మన సందు పెట్టెలో అడుగున కాగితాలు కనిపించాయని కాఫీ కొట్లో మురిసిపోతున్నాడు."

కుళాయిల్లో నీళ్లు రాక ఏడాదయింది. వచ్చేదాకా ఓటెయ్యకూడదని సందులోని ఆడవాళ్లంతా వేడి రొట్టె మీద చెయ్యిపెట్టి ఒట్టేసుకున్నారు. రొట్టె మీద ఒట్టు తప్పితే ఆ ఇంట పిండి పొంగదంటారు. ఒట్టు వేయించింది నజీహాయే.

"ఓటేసిన వేలికి సిరా పూస్తారు. సబ్బుకీ పోదు, సున్నానికీ పోదు. ఇప్పుడే ఇంటింటికీ వచ్చి వేళ్లు చూస్తాను. దొంగ దొరికిందా, దాని నోట్లో హరీసా కారం కొడతా!"

సందంతా నవ్వింది. జన్నెత్ కిటికీ మాత్రం టప్పున మూసుకుంది.

నజీహా ముందుగా మబ్రూకా ఇంటికి వెళ్లింది. ఎందుకంటే ఈ మధ్య మబ్రూకా, షద్లియా, జన్నెత్ ఆమెను చూస్తే మాటలు మింగుతున్నారు. దానికో కారణం ఉంది. సముద్రానికి అవతల, సిసిలీలో ఒక హోటలాయనకి రవ్వ నలిపి కుస్కుస్ వండే మనిషి కావాలి. ఒక్కరే. ఆ ఉద్యోగానికి ఈ నలుగురూ పోటీ. బుధవారం ట్యూనిస్‌లోని వీసా ఆఫీసులో నలుగురూ వేలిముద్రలు ఇవ్వాలి. "ఎవరి వీసా ముందొస్తే వాళ్లే ఓడెక్కండి" అని చెప్పేశాడాయన. ఒక్క ఎండాకాలం అక్కడ వండి వస్తే సొంతంగా రొట్టెల కొట్టు పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా పరాయి పొయ్యి ముందు కూర్చుని మొహం కాల్చుకుంటున్న నజీహాకి అంతకన్నా పెద్ద కోరిక లేదు.

మబ్రూకా పెద్ద పళ్లెంలో రవ్వ నలుపుతోంది. చేతులు మణికట్టు దాకా రవ్వలోనే ఉన్నాయి.

"చెయ్యి తియ్యి."

"ఇప్పుడు తీస్తే రవ్వ ఉండలు కడుతుందక్కా. మా ఆయన దాన్నే నా నెత్తిన పోస్తాడు."

నజీహా ఆ పళ్లెంలోకి చూసి, "సరేలే" అని కదిలింది.

షద్లియా పది వేళ్లకీ గోరింటాకు ముద్దలు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"ఎవరి పెళ్లే?"

"మా పినతండ్రి కూతురిది."

"అది జరిగేది ఆగస్టులో కదే?"

"ముందుగా పెట్టి చూసుకుంటున్నా, బాగా పండుతుందో లేదోనని!"

జన్నెత్ ఎడమ చూపుడువేలికి బొటనవేలంత లావు కట్టుంది. చేప కోస్తుంటే తెగిందట.

"ఏం చేపే?"

"సార్డీన్."

"సార్డీన్ కోస్తే ఇంత కట్టా? అది నిన్ను కోసిందా, నువ్వు దాన్ని కోశావా?"

జన్నెత్ చెవులు ఎర్రబడ్డాయి. దొంగ దొరకలేదు గానీ నజీహా పాట పాడుకుంటూ ఇల్లు చేరింది.

బుధవారం నలుగురూ ఒకే షేర్ టాక్సీలో ట్యూనిస్‌కి బయల్దేరారు. ఎండ మండిపోతున్నా ముగ్గురి ఎడమ చేతులు ముసుగుల కిందే ఉన్నాయి. నజీహా పొద్దుతిరుగుడు గింజలు పంచితే ఒంటి చేత్తో తిన్నారు.

ఆఫీసులో నజీహా పక్కకి జరిగి, "మీరు ముందు వెళ్లండమ్మా, చిన్నవాళ్లు" అంది.

ఆ మాట పూర్తికాకముందే జన్నెత్ కట్టు విప్పింది. మబ్రూకా ముసుగులోంచి చెయ్యి బయటికి తీసింది. షద్లియా గోరింటాకు కింద నుంచి నీలి గోరు తొంగిచూసింది. ముగ్గురూ ఒకరి వేలు ఒకరు చూసుకుని నోళ్లు తెరిచారు.

"నువ్వూనా?"

"నీ గోరింటాకు పండినట్టే ఉంది! రొట్టె మీద ఒట్టేం చేశావే?"

"వేలికి సిరా లేనివాళ్లకి వీసా ఇవ్వరట కదే!"

ముగ్గురూ నీలి వేళ్లు జెండాల్లా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. ముద్రలు తీసే ఉద్యోగి ఆ వేళ్లను ఒక్కొక్కటిగా మిషన్ అద్దం మీద పెట్టించాడు. మిషన్ ఒక్కొక్కరికీ ఎర్రదీపం చూపించింది.

"సిరా పూసిన వేలిని ఇది చదవదమ్మా. అసలు ఓటేసి ఎందుకొచ్చారు? మరక పూర్తిగా పోయాక కొత్త తారీఖు తీసుకోండి."

"ఎప్పటికి దొరుకుతుంది?" అంది మబ్రూకా నీరుగారిపోయి.

"ఎండాకాలం వెళ్లాక."

ముగ్గురూ బల్ల మీద కూలబడ్డారు.

"నాకు చెప్పింది నువ్వే! నీకెవరు చెప్పారే ఈ సిరా సంగతి?" షద్లియా మీద విరుచుకుపడింది జన్నెత్.

"నాకు మబ్రూకా చెప్పింది. దాన్నడుగు."

మబ్రూకా గొంతు తగ్గించింది. "నాకు మాత్రం ఏం తెలుసు? హమ్మాంలో స్నానానికి వెళ్తే నా వీపు రుద్దుతూ నజీహక్క చెప్పింది. నీ ఒక్కదానికే చెబుతున్నా, ఎవరితోనూ అనకు అంది."

ముగ్గురి తలలూ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి.

అక్కడ నజీహా తళతళలాడే వేలు అద్దం మీద పెట్టింది, పచ్చదీపం వెలిగింది, ఉద్యోగి ఆమె మొహంలోకి చూసి నవ్వాడు: "పోయిన ఎన్నికలప్పుడు నీలి వేలుతో వస్తే వెనక్కి పంపించింది మిమ్మల్నే కదండీ?"