తుమ్ముల తాత

"హా...చ్చీ!"

ఆ తుమ్ముకి ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో గోడ క్యాలెండర్ ఊగిందంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే గానీ, టైర్ల మేస్త్రీ గుండె మాత్రం నిజంగానే అదిరింది.

తుమ్మినవాడు పక్క కుర్చీలోని ముసలాయన. రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వాడు.

మేస్త్రీ తుమ్మి రెండు నెలలైంది.

రెండు నెలల క్రితం స్టూలు మీంచి పడితే తలకు స్కానింగ్ తీశారు. దెబ్బేమీ తగల్లేదు గానీ, మెదడులో ఒక రక్తనాళానికి మిరియం గింజంత ఉబ్బు కనిపించింది.

అది మొదలు ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. టైరు ఎత్తడు. గట్టిగా నవ్వడు. మూడేళ్ళ మనవరాలు "తాతా, ఎత్తుకో" అని చేతులు చాస్తే గోడ వైపు తిరుగుతాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన షాపులో ఒకటే రూలు. ఉబ్బిన టైరు గుమ్మం దాటకూడదు. బతిమాలినా, పోట్లాడినా, విప్పి పక్కన పడెయ్యాల్సిందే.

"ఇవాళ ఆపరేషన్ తేదీ తీసుకుని గానీ కదలను," అన్నాడు భార్యతో.

"ముందు డాక్టరమ్మని మాట్లాడనివ్వండి," అంది ఆవిడ.

ఇంతలో ముక్కు దురద పెట్టింది. గట్టిగా నులుముకుని, తుమ్ముని మింగేశాడు. ముసలాయన అది చూడనే చూశాడు.

"తలలో ఉబ్బా బాబూ?"

మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు. భార్యే చెప్పింది.

"అవునండీ. నాలుగు మిల్లీమీటర్లట."

"ఓస్, అంతేనా!"

మేస్త్రీకి ఒళ్ళు మండింది.

"ఉబ్బింది మీ తలలో కాదుగా పెద్దాయనా, మీకు అంతేనా అనే అనిపిస్తుంది. టైరు పేలితే ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?"

"లేదు బాబూ."

"నేను చూశాను. తెలియని విషయంలో సలహాలివ్వకండి. ఆ తుమ్మేదో అటు తిరిగి తుమ్ముకోండి."

ముసలాయన నొచ్చుకోలేదు. బుద్ధిగా అటు తిరిగి ఇంకోటి తుమ్మాడు.

మేస్త్రీ విసురుగా లేచి మూల కుర్చీలోకి మారిపోయాడు.

లోపల డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. వయసెంత? బీపీ ఉందా? ఇంట్లో ఎవరికైనా మెదడులో నాళం పగిలిందా? సిగరెట్టు?

"ఎప్పుడైనా ఒకటీ అరా," అన్నాడు మేస్త్రీ.

"రోజుకో పెట్టె," అంది భార్య. చెప్పే అవకాశం కోసం ఆవిడ ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది.

డాక్టరమ్మ అన్నీ కలిపి లెక్క వేసింది.

"ఉబ్బు చిన్నది, నున్నగా ఉంది. ఇవాళ్టి స్కానింగ్‌లోనూ అదే కొలత. మీలాంటివాళ్ళలో ఏడాదికి వందమందిలో ఒక్కరికి కూడా పగలదు. ఆపరేషన్‌తో వచ్చే ముప్పే అంతకన్నా ఎక్కువ. బీపీ మాత్ర వేసుకోండి, సిగరెట్టు ఇవాళే మానండి, ఏటా వచ్చి కొలిపించుకోండి."

"ఉబ్బినదాన్ని అలాగే వదిలేస్తారా? మా షాపులో అయితే..."

"ఇది టైరు కాదండీ, ప్రాణమున్న గోడ. చాలామందికి ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది."

"మీకెలా తెలుసు? ఎదురుగా కూర్చుని చూశారా?"

"చూశాం."

ఆవిడ లావుపాటి రిజిస్టర్ తెరిచింది.

"ఒకప్పుడు ఉబ్బు కనబడితే చాలు, తల తెరిచేసేవాళ్ళు. కొందరికి ఆపరేషనే చేటు చేసింది. అప్పుడు మా పెద్ద డాక్టరుగారు ఒకాయన్ని అడిగారు. వదిలేస్తే ఏమవుతుందో మాకూ తెలియదు, తేడా కనిపిస్తే వెంటనే చూసుకుంటాం, ఏటా వచ్చి కొలిపించుకుంటారా అని. ఆయన సరేనన్నారు. ఆయన్ని చూసి ఇంకొందరు. ఇప్పటికి మూడొందల పైమాటే."

మొదటి వరుసలో పేరు లేదు. ఒకటో నంబరు అని మాత్రం ఉంది. దాని పక్కన ఇరవై ఏడేళ్ళ కొలతలు. ఆరు, ఆరు, ఆరు, మళ్ళీ ఆరు.

మేస్త్రీ ఆ వరుస మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు.

"ఏమీ తెలియకుండానే సరేనన్నాడా! నిద్రెలా పట్టిందండీ ఆయనకు?"

"మొదటి ఏడాది పట్టలేదట," అంది డాక్టరమ్మ.

బయటికి రాగానే నేల తుడిచిన ఫినాయిల్ వాసన ముక్కుకు తగిలింది. అలవాటుగా చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"హా...చ్చీ!"

రెండు నెలల తుమ్ములూ కలిసి ఒక్కసారే వచ్చాయి. తల పగల్లేదు. భార్య పకపకా నవ్వింది. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళగానే మనవరాల్ని భుజాల మీదికి ఎక్కించుకోవాలి.

పెద్దాయన విన్నాడా అని చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. అనవసరంగా కసిరానే అని నాలుక కరుచుకున్నాడు.

"ఆ తుమ్మే పెద్దాయన ఏరమ్మా?" అని నర్సుని అడిగాడు.

"మా తుమ్ముల తాతా? ఇప్పుడే బస్సుకి వెళ్ళిపోయారు. ఎనభై నిండాయి, ఇక రానక్కర్లేదని డాక్టరమ్మే చెప్పారు. వెళ్తూ వెళ్తూ, తుమ్ము ఆపుకోవద్దని మీకు చెప్పమన్నారు తాత. ఆయనా మొదటి ఏడాదంతా మింగి చూశారట."

"ఆయనెందుకు మింగారు?"

నర్సు తాడు కడుతున్న పాత ఫైలుని ఆయన వైపు తిప్పింది. అట్ట మీద, వెలిసిపోయిన సిరాతో, ఒకటో నంబరు అని ఉంది.