బొట్టు పడని బండి

కొత్త మోటారుసైకిలు ఆటోలో వచ్చింది.

కావలిలో కొన్న బండిని కావలి నుంచే నడుపుకుంటూ రావచ్చు. మధుబాబు అలా రాలేదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, బండిని తాళ్లతో బిగించి కట్టించి, పసిబిడ్డను పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని, అక్క ఊరు జువ్వలదిన్నె దాకా నిలబడే వచ్చాడు. షోరూం వాళ్లు నవ్వారు. ఆటో పెంచలయ్య దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

“బండి కొన్నోడు బండెక్కాల గానీ, బండిని ఆటో ఎక్కించేది ఇప్పుడే చూస్తా ఉండా సామీ!”

“మా అక్క బొట్టు పెట్టందే నేను దానిమీద కాలెయ్యకూడదన్నా.”

అది వాళ్లింటి పద్ధతి. కొత్త పడవ కడితే, ఇంటి ఆడబిడ్డ వచ్చి దాని ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే నీళ్లలోకి తోస్తారు. మధుబాబు పడవెక్కితే కక్కుకునే రకం. అందుకే బిట్రగుంటలో సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్నాడు. అతనికి పడవైనా, బండైనా ఈ మోటారుసైకిలే.

అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అక్క మహాలక్ష్మే. “నువ్వు సైకిలు కొను, విమానం కొను. ముందు పడే చెయ్యి నాది. ఇంకెవురి చెయ్యన్నా పడిందో, నా గడప తొక్కొద్దు” అని ఎన్నోసార్లు చెప్పింది. ఆ చెయ్యి పడితే చాలు, బండికి ఏమీ కాదని అతని నమ్మకం.

ఆటో ఆగేసరికి ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. వాకిలి కడిగి ముగ్గేసింది. పెళ్లినాటి పట్టుచీర కట్టింది. తలనిండా పూలు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ముఖంలో మాత్రం ఏమీ లేదు.

“ఏందక్కా, పెండ్లికూతురి మాదిరి తయారైనావు?”

ఆమె నవ్వలేదు. “దించు. వర్జ్యం వస్తా ఉంది.”

పెంచలయ్య, అతనూ కలిసి బండి దించారు. ఎర్రటి బండి ముగ్గు మీద నిలబడింది. పెంచలయ్య ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

“బావ ఏడక్కా?”

“హార్బరు కాడ.”

“చేపల వేట నుంచి వచ్చేసినాడా? అయితే పిలువు. కొబ్బరికాయ బావే కొట్టాల. నేను బండి కొంటే సగం మీసం తీసేస్తానని పందెమేసినాడు గదా. ఈరోజు వదిలేదే లేదు.”

“నువ్వే కొట్టు. మనమే ఆడికి పోదాం.”

ఇంట్లో ఫోన్ మోగింది. ఆమె కదల్లేదు. ఆగి, మళ్లీ మోగింది.

“అక్కా, ఫోను.”

“మోగనీ.”

పక్కింటి పేరమ్మ కంచె దగ్గరకు వచ్చింది. నవ్వు ఆపుకుంటున్నదానిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడుగు ముందుకు వెయ్యబోతే మహాలక్ష్మి చెయ్యెత్తింది.

“ఆడనే ఉండు పేరమ్మక్కా. నోరు తెరిచినావంటే నామీద ఒట్టే.”

మధుబాబుకు కష్టంగా అనిపించింది. ఆటోలో వచ్చినందుకు పేరమ్మ ఎగతాళి చేస్తుందని కాబోలు, అక్కకు కోపం. లేకపోతే తనమీదే కోపమా? కొన్ని నెలలుగా ఈ గడపకు రాలేదు మరి.

“అలిగినావా అక్కా? అట్టా మొహం పెట్టుకుని పెడితే బొట్టు బండికి పట్టదు.”

“పడతది.”

ఆమె వంగి హెడ్‌లైటు మీద పసుపు రాసింది. మూడువేళ్లతో కుంకుమ అద్దింది. ట్యాంకుకూ, రెండు చక్రాలకూ పెట్టింది. వరి నాటేదానిలా వరసగా పెట్టుకుంటూ పోయింది. తరువాత పళ్లెంలో కర్పూరం వెలిగించి తిప్పింది. మంట గాలికి వంగి ఆమె బొటనవేలిని నాకుతోంది. ఆమె వేలు తియ్యలేదు.

“అక్కా! చెయ్యి కాలతా ఉంది!”

ఆమె తన చేతికేసి చూసింది, అది ఎవరి చెయ్యో అన్నట్టు. పళ్లెం దించింది.

అతను కొబ్బరికాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఆమె కుంకుమ వేలు చివరగా అతని నుదుటి మీద పెట్టి, కాసేపు అక్కడే ఉంచింది.

“ఎక్కు ఇంక. నేనూ కూర్చుంటా.”

నిమ్మకాయలు చిట్లాయి. బండి కదిలింది. అక్క చెయ్యి అతని భుజం మీద ఉంది, గాలికి ఎగిరొచ్చి వాలిన గుడ్డలాగా, బరువే లేకుండా. రొయ్యల గుంటలు దాటారు. సరుగుడు తోపు దాటారు. ఉప్పుగాలి మొహాన కొడుతోంది.

“ఎట్టా ఉందక్కా? పడవ మాదిరి లేదూ?”

“ఉంది.”

“సాయంత్రం బావను కూర్చోబెట్టుకుని కావలి దాకా పోయొస్తా.”

అతను మైలేజీ గురించి, సర్వీసింగు గురించి చెబుతూనే పోయాడు.

హార్బరు మలుపులో జనం గుమిగూడి ఉన్నారు. అందరూ కొత్త బండిని చూడాలని అతను గట్టిగా హారన్ కొట్టాడు. జనం చీలి దారిచ్చారు. ఎవరూ బండి వంక చూడలేదు. వెనక కూర్చున్న మహాలక్ష్మినే చూశారు.

“ఆపు” అందామె.

ఆపాడు. ఆమె దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

“ఏందక్కా ఇంత జనం? బావ ఏడి?”

ఆమె హెడ్‌లైటు మీద చెదిరిన కుంకుమను వేలితో సరిచేస్తూ, తల ఎత్తకుండానే అంది:

“మీ బావ ఇంక లేడని తెల్లారే ఫోన్ వచ్చింది అబ్బయ్యా, ఆ మాట నీకు ముందే చెప్పుంటే నీ బండికి నా చేత బొట్టు పెట్టనిస్తారా?”