పట్టుకొమ్మ

స్నానాల దడి దాకా నాలుగడుగులైనా వెయ్యలేదు, ఫలేసి ముసలమ్మ తూలింది.

పడిపోయేదే. దారిన సైకిలు నడిపించుకుంటూ పోతున్న మనిషెవరో సైకిలు వదిలేసి, పరుగున వచ్చి రెక్క పట్టుకున్నాడు. సైకిలుకు కట్టిన చెక్కలు దబదబా దారిలో పడ్డాయి.

ఆ చప్పుడుకు కూతురు ఎనెలెసి పిండి చేతులతోనే బయటికొచ్చింది. బజారుకు ఎండుచేపల బుట్ట మోసుకెళ్ళే వేళ. అసలే చిరాకు.

"ఎవరయ్యా నువ్వు? మా అమ్మనెందుకు పట్టుకున్నావ్?"

"పట్టుకోకపోతే పడేది, చెల్లెమ్మా."

ముసలామెను అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి.

"పెద్దమ్మా, కళ్ళెప్పుడు తిరుగుతాయి? లేచినప్పుడా, తల తిప్పినప్పుడా?"

"లేచినప్పుడే నాయనా. ఇల్లూ, కొండా, నేనూ అందరం కలిసి గిర్రున తిరుగుతాం."

"బీపీ మాత్రలేమైనా వేసుకుంటున్నావా?"

"రోజుకొకటి వేసుకునేదాన్ని. మొన్న రెండు చేశారు."

"కళ్ళు తిరుగుతున్నాయని ఆసుపత్రిలో చెప్పు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? మంచం మీంచి దిగ్గున లేవకు. కాసేపు కాళ్ళు కిందికి వేసుకుని కూర్చో. ఇరవై లెక్కపెట్టుకుని అప్పుడు లే."

"ఇరవై దాకా నాకు రాదే!"

"మనవల పేర్లు చెప్పుకో."

ముసలామె పకపకా నవ్వింది. "పదకొండు మందయ్యా. అందరి పేర్లూ అయ్యేసరికి మళ్ళీ నిద్రొస్తుంది."

ఎనెలెసికి నవ్వు రాలేదు. "డాక్టరువా?"

"కాదు. చెక్కపని చేస్తాను."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. గుమ్మం నుంచి దడి దాకా నాలుగు గుంజలు పాతి, వాటి మీద పొడుగాటి కర్ర బిగించాడు. ముసలామె చేతికి పేడు గుచ్చుకోకుండా దాన్ని నున్నగా రుద్దాడు. దడిలో పాకుడు పట్టిన రాయి పెకలించి, గరుకు రాయి వేశాడు.

"ఎంతివ్వమంటావ్?" అంది ఎనెలెసి.

"ఏమీ వద్దు. చల్లటి నీళ్ళుంటే ఇవ్వు."

నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

చిక్కంతా ఆ "ఏమీ వద్దు" దగ్గరే వచ్చింది.

"ఈ జోంబా ఊళ్ళో ఉప్పురాయి కూడా ఎవడూ ఊరికే ఇవ్వడు," అంది పక్కింటి మెర్నియా, దడి మీంచి తల పెట్టి. "ముసలాళ్ళున్న ఇళ్ళే వెతుక్కుని పోతున్నాడట. ఆ గుంజల కింద ఏం పాతిపెట్టాడో చూశావా? ఆయుష్షు లాగేసేవాళ్ళు ఇలాగే వస్తారు."

"ఛ, ఊరుకో."

"సరే, అది పోనీ. ఆ కర్ర చూస్తే లోకం ఏమనుకుంటుంది? కన్నకూతురుండి కూడా తల్లి కర్ర పట్టుకుని దేకుతోందనుకోదూ!"

ఆ మాట మాత్రం ఎనెలెసికి ముల్లులా దిగింది.

గుంజలు గట్టిగా నిలిచాయో లేదో చూద్దామని మూడోనాడు అతను వచ్చాడు. ఎనెలెసి పేటంతా వినేలా అరిచింది.

"మంత్రగాడా! మా అమ్మ ప్రాణం నీకెందుకురా?"

పదిమంది మూగారు. ఎవరో రాయి విసిరారు. మరెవరో ఇంకొకటి.

అతను సైకిలు వైపు వెనక్కి వెనక్కి నడిచాడు.

"నన్నెన్నయినా తిట్టు చెల్లెమ్మా. కర్ర మాత్రం పీకకు."

ఆ తరవాత ఆ పేటలో మళ్ళీ కనబడలేదు.

ఆ సాయంత్రమే ఎనెలెసి కర్ర పీకేసింది. గుంజల కింద మట్టి తప్ప ఏమీ లేదు. అయినా ఆ కర్రనే పొయ్యిలో పెట్టి మొక్కజొన్న ముద్ద వండింది.

"చేతికి బాగుండేదే," అంది తల్లి మంట వైపు చూస్తూ.

"నేను లేనా అమ్మా? నన్ను పట్టుకో."

వానలు మొదలయ్యాయి. ఒకనాడు ఎనెలెసి బజారులో ఉండగా ముసలామె మంచం దిగింది. మనవల పేర్లన్నీ చెప్పుకునే లేచింది. గుమ్మం దాటాక కాలు జారింది. కర్ర ఉందనుకుని చెయ్యి చాచింది. గాలే తగిలింది.

తుంటి విరిగింది.

"ఇంట్లో పట్టుకోడానికి ఏమీ లేదా?" అని ఆసుపత్రిలో నర్సు అడిగింది. "కొండ అవతలి పేటల్లో ఎవరో మహానుభావుడు ఇంటింటికీ కర్రలు పాతాడమ్మా. ఆ ఇళ్ళ నుంచి ఈ వానల్లో ఒక్క ముసలి ప్రాణీ మా దగ్గరికి రాలేదు. మీ పేటకూ రమ్మని పిలవాల్సింది."

ఎనెలెసి పైగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

మూడు వారాలు మంచాన ఉండి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఫలేసి పోయింది.

తల్లి తమ్ముడు వచ్చి ఎనెలెసిని వెంటబెట్టుకుని ఆసుపత్రి వెనక వీధికి నడిచాడు. అటూ ఇటూ శవపేటికల కొట్లు. చివరి కొట్టు ముందు ఆగాడు.

"ఇక్కడే చేయిద్దాం. మంచి పనివాడు. వానాకాలం పడిపోయిన ముసలాళ్ళంతా చివరికి ఇతని చేతికే వస్తారు."

లోపల చిత్రిక చప్పుడు ఆగింది.

సగం చెక్కిన పేటిక వెనక నుంచి లేచి, "ఎవరు పోయారు?" అని అడగబోయి, ఎనెలెసిని చూసి చిత్రిక పక్కన పెట్టినవాడు, ముసలాళ్ళు పడితేనే తన ఇంట పొయ్యి వెలిగే ఆ పేటికల వడ్రంగి, ఆమె మంత్రగాడని అరిచి తరిమించిన మనిషే.