లెక్కకు రాని గుడ్డ

ప్యాంటు హుక్కు టప్పున తెగి ఎదురుగా ఉన్న అద్దానికి తగిలింది.

లెక్కల మాస్టారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నారు. పొట్ట మాట వినలేదు.

మర్నాడే ఆయన రిటైర్మెంట్ సభ. పెళ్లినాటి సూటులోనే వస్తానని స్టాఫ్ రూమంతా చాటింపు వేసి మరీ వచ్చారు. ఇప్పుడు వేరే ప్యాంటు తొడుక్కుని వెళ్తే పరువు పోయినట్టే.

"కొత్తది కుట్టించుకోమని నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను," అంది భార్య నవ్వాపుకుంటూ.

"తప్పంతా ఆ దొంగ టైలర్‌ది. గుడ్డ మింగేసి బిగుతుగా కుట్టాడు."

ఆ టైలర్ కొట్టు వీధి మలుపులో ఉండేది. పెళ్లికి ముందు మాస్టారు నాన్నగారిని వెంటబెట్టుకు వెళ్లి సూటుకు కొలతలిచ్చారు. కుట్టించి ఇంటికి తెచ్చాక లెక్క వేస్తే, బెత్తెడు గుడ్డ తేలలేదు. వెళ్లి నిలదీస్తే టైలర్ తాపీగా, "ఎక్కడికీ పోలేదు బాబూ, మీ దగ్గరే ఉంది," అన్నాడు.

ఆ పొగరుకి మాస్టారికి ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి ఏ క్లాసుకెళ్లినా బోర్డు మీద అదే లెక్క: టైలర్‌కు మూడు మీటర్ల గుడ్డ ఇస్తే, ఎంత కాజేశాడు? పిల్లలు ఆ లెక్కను ఇంటికి మోసుకెళ్లారు. పెద్దలు తమ గుడ్డల్ని వేరే కొట్టుకు మోసుకెళ్లారు. టైలర్ ఎప్పుడు మూటాముల్లె సర్దుకున్నాడో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

మాస్టారు ప్యాంటు చంకన పెట్టుకుని వీధి చివర మిషన్ కుట్టే ఆవిడ దగ్గరికి పరుగెత్తారు. ఎలాగైనా వదులు చెయ్యమని బతిమాలారు. దొంగ చేతిలో పడ్డ ప్యాంటు కాబట్టి లోపల గుడ్డ ఉండదని కూడా ముందే చెప్పేశారు.

ఆవిడ నడుము దగ్గర కుట్టు విప్పింది. లోపలి మడతల్లోంచి బెత్తెడు గుడ్డ బయటికొచ్చింది, రంగు చెక్కుచెదరకుండా.

"నిక్షేపంగా సరిపోతుందండీ. సన్నగా ఉన్న పెళ్లికొడుక్కి ఇంత గుడ్డ ఎవరూ వదలరు. మీరు లావెక్కుతారని అతనికి ఎలా తెలిసిందో మరి."

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు టేపు తన నడుముకే చుట్టినా, టైలర్ రెప్పవాల్చకుండా చూసింది మాత్రం పక్కనే బల్ల మీద కూర్చున్న నాన్నగారి బొజ్జని.