పక్కా కొలువు

యుద్ధం ముగిసిన ఏడాది కొత్తకోటలో ఫౌజు కొలువు చేసి వచ్చినవారు ఇద్దరు తేలారు. ఒకరికి పెన్షన్ ఉంది, ఒకరికి లేదు.

లేనివాడు మైసయ్య. లడాయికి మనుషులు కావాలని సర్కారు దండోరా వేయిస్తే, అందరికంటే ముందు చెయ్యెత్తిన మొనగాడు. ఆ కుడిచెయ్యే బర్మాలో పోయింది. ఒంటిచేతివాణ్ణి కూలికి ఎవడు పిలుస్తాడు? ఇంట్లో పొయ్యి వెలిగితే ఆ రోజు పండగే.

ఉన్నవారు సికందర్ సాబ్. ఆ భోగమే వేరు! పుట్టిందే ఫౌజులో, తండ్రిదీ అదే కొలువు. పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క తూటా పేల్చిన పాపాన పోలేదు. నిజాం పుట్టినరోజు కవాతులో ఛాతీ విరుచుకుని నడవడమే మహా వీరత్వం. ఇప్పుడు సర్కారీ బంగ్లా వెనక నీడపట్టున జాగా, ఒంట్లో నలతగా ఉంటే పాలమూరు నుంచి డాక్టరు, నెలనెలా బండి మీద పెన్షన్. ఎవరు పలకరించినా తల ఆడించడమే తప్ప మాట లేదు. అంత టెక్కు.

మైసయ్య పెళ్లాం సైదమ్మకు ఒళ్లు మండిపోయింది.

“చెయ్యి పోయినోనికి గంజి లేదు గని, తిని నిగనిగలాడేటోళ్లకు పెన్షనా? పోయి అడుగు,” అని మొగుణ్ణి తరిమింది.

మైసయ్య పాలమూరు నడిచిపోయి పెన్షన్ల అధికారి ముందు నిలబడ్డాడు. అధికారి ఓపిగ్గా విని, కాయిదా చెప్పాడు. మైసయ్యది లడాయి ఉన్నన్నాళ్ల కచ్చా కొలువు. తనంతట తాను వచ్చాడు గనక తనంతట తానే పోవాలి. సికందర్ సాబ్‌ది పక్కా కొలువు.

“నాకు చెయ్యి పోయింది దొరా. గా సికందర్ సాబ్‌కు ఏం పోయిందని పెన్షన్?”

“వయసు పోయింది,” అన్నాడు అధికారి.

మైసయ్యకు ఏడుపొచ్చింది. అది చూసి అధికారికి జాలేసింది. కాయిదా మార్చడం తన వల్ల కాదన్నాడు. సికందర్ సాబ్ సేవకు మాత్రం ఒక మనిషి కావాలి, జీతం సంగతి తర్వాత చూద్దాం, ఉంటావా అన్నాడు. మైసయ్య ఉంటానన్నాడు.

ఆ మాట వినగానే సైదమ్మ నెత్తి కొట్టుకుంది. ఈ బతుక్కి అదొక్కటే తక్కువైందని తిట్టిపోసింది.

“ఫికర్ చెయ్యకు. సాబ్ పెన్షన్ ఇగ నా చేతి మీదికెల్లే పోతది,” అన్నాడు మైసయ్య.

మర్నాడు మైసయ్య ఎడమచేత్తో సికందర్ సాబ్ జూలు దువ్వి, డెక్కలకు నూనె రాసి, పెన్షన్ ఉలవల్లో సగం సాబ్ మూతికి సంచి కట్టి తినిపించి, మిగతా సగం సైదమ్మ పొయ్యి మీదికి చేర్చాడు.