సున్నా వచ్చిన ఇల్లు

"అమ్మాయ్, ఆ పెన్ను ఓసారి ఇలా ఇస్తావా?"

సర్వే అమ్మాయికి ఒళ్ళు మండింది. అరగంట నుంచి అడుగుతుంటే ముసలావిడ చెప్పిన జవాబుల్లో ఒక్కదానికీ మార్కు పడలేదు. పైగా ఇప్పుడు పెన్నొకటి!

కాలనీ సంఘంలో ఉన్నారా అంటే లేనంది. మీటింగులకి వెళ్తారా అంటే మోకాళ్ళ నొప్పులంది.

"పోనీ, ఈ నెలలో ఇరుగుపొరుగుకి ఏం సాయం చేశారు?"

"నేనా? తీసుకోవడమే గానీ ఇచ్చిందేముందమ్మా!" అని బోసినోటితో నవ్వింది.

ఏ వీధిలో ఇరుగుపొరుగు ఎంత కలివిడిగా ఉంటారో కొలిచే ఆ సర్వేలో ఆ ఇంటికి సున్నా పడింది.

మర్నాడు పెన్ను కోసం వెళ్తే ముసలావిడ నాలిక్కరుచుకుంది.

"అయ్యో, చివరింటి టైలరు దగ్గర వదిలేసి వచ్చానే! కాస్త వెళ్ళి తెచ్చుకో తల్లీ."

ఆ టైలరు సర్వే అంటే రెండుసార్లు తలుపే తీయని మనిషి. పెన్ను కోసం అనేసరికి తీశాడు. మంచినీళ్ళిచ్చాడు. పోయిన భార్య గురించి గంటసేపు మాట్లాడాడు. అడక్కుండానే ఫారం కూడా నింపించాడు.

"అరువు బామ్మతో అంతేనమ్మా," అన్నాడు బామ్మ పక్కింటాయన, పెన్ను సంగతి విని. "మా స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి కండక్టరింట్లో వదిలేస్తుంది. వాళ్ళ ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి నర్సింట్లో పెట్టేస్తుంది. మా వస్తువుల కోసం మేమే ఇల్లిల్లూ తిరగాలి. ప్రాణం తీస్తోందనుకో!"

ఆ ఏడు ముప్పై వీధుల్లో ఆ వీధే మొదటిది. సంఘం ప్రెసిడెంటు షీల్డు అందుకుని, అంతా తన చలవేనన్నట్టు గంటసేపు ఉపన్యాసం దంచాడు.

మరుసటి ఏడు అదే వీధి అట్టడుక్కి పడిపోయింది.

"పోయినేడు ఇంట్లో కూర్చుని నీకు తోచినట్టు రాసేసుంటావు," అన్నాడు ఆఫీసరు. "సోమవారంలోగా కారణం చెప్పు. లేదా ఉద్యోగం మీద ఆశ వదులుకో."

అమ్మాయి రెండేళ్ళ ఫారాలూ ముందేసుకుని కూర్చుంది.

'ఈ వారం ఎవరింటికి వెళ్ళారు?' అన్న ప్రశ్న పక్కన 'ఎందుకు?' అని చిన్న గడి ఉంది. పాత ఫారాల్లో అది నిండి ఉంది. స్క్రూడ్రైవరు కోసం. ఇస్త్రీపెట్టె కోసం. గొడుగు కోసం. బామ్మ వదిలేసిన థర్మామీటరు కోసం.

కొత్త ఫారాల్లో ఆ గడి ఖాళీ. బామ్మ ఇంటి ఫారం మీద తన చేత్తోనే 'తాళం' అని రాసి ఉంది. ఎందుకు తాళమని అప్పుడు ఎవర్నీ అడగలేదు.

పరుగున వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"బామ్మగారేరండీ?"

"పోయిందమ్మా. ఎనిమిది నెలలైంది." ఆయన తల దించుకున్నాడు. "నాలుగు రోజులు అరువుకి రాకపోతే... హమ్మయ్య అనుకున్నాం. ఐదోనాడు తలుపు పగలగొట్టాం."

అమ్మాయి వీధి చివరిదాకా నడిచింది. ఇప్పుడు ఎవరి వస్తువులు వాళ్ళింట్లోనే ఉన్నాయి. తలుపులన్నీ మూసే ఉన్నాయి. టైలరు తలుపు కొడితే లోపల మిషను చప్పుడు ఆగింది గానీ, తలుపు తెరుచుకోలేదు.

ఆఫీసరుకి చెప్పాల్సిన కారణం దొరికింది. తను వేసిన సున్నా కూడా గుర్తొచ్చింది.

వెనక్కి వచ్చేసరికి, ఇల్లు ఖాళీ చేయడానికొచ్చిన బామ్మ మేనల్లుడు సామాను వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. పక్కింటాయన సాయం పడుతున్నాడు.

"పాపం, లేనిది కాబట్టి అందర్నీ అడిగేది," అంది అమ్మాయి. "దానికితోడు మతిమరుపు. ఎక్కడివక్కడ వదిలేసేది."

"వీటిలో అరువుకి తెచ్చినవేమైనా ఉన్నాయేమో చూడు బాబూ," అన్నాడు పక్కింటాయన. "ఎవరివి వాళ్ళకిచ్చేద్దాం."

"అరువా?" మేనల్లుడు వింతగా చూశాడు. "అన్నీ అత్తయ్య కొనుక్కున్నవేనండీ. బిల్లులు కూడా ఉన్నాయి. ఎందుకు కొందో గానీ, ఒక్కటీ వాడినట్టు లేదు."

అమ్మాయి వ్యానులోకి తొంగి చూసింది.

కవరు చింపని ఇస్త్రీపెట్టె, స్క్రూడ్రైవరు, థర్మామీటరు, మడత విప్పని గొడుగు, వాటి పక్కన ఒక్కటీ తీయని పెన్నుల డబ్బా ఉన్నాయి.